గోతిలో బేరింగు

మూడు అనేలోపే చేయి వెనక్కి లాగేసుకున్నాను. మండపేట వైపు ఒక బియ్యం మిల్లులో, ఎలివేటరు అడుగున ఉన్న గోతిలోకి దిగి, బేరింగు మీద అరచేయి ఆనించి మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటున్నాను. ఐదు వరకు చేయి ఉంచగలిగితే బేరింగు క్షేమంగా ఉన్నట్టు. ఉంచలేకపోతే లోపల ఏదో చెడుతున్నట్టు. థర్మామీటరు లేని చోట మిల్లు పనివాళ్ళకి నేను నేర్పే మొదటి పాఠం ఇదే. మిల్లులో ఎలివేటరంటే మనుషులెక్కేది కాదు. బెల్టుకి తగిలించిన బకెట్లు వరసగా గోతిలో ధాన్యం తోడుకుని పై అంతస్తులో కుమ్మరిస్తాయి. నూతిలో నీళ్ళు తోడినట్టు నింపాదిగా తిరిగే యంత్రం అది. దాని అడుగు బేరింగు ఎప్పుడు ముట్టుకున్నా కుండలా చల్లగా ఉండాలి. ఆ రోజు ఇస్త్రీ పెట్టెలా ఉంది. మాడిన వాసన ముక్కుకి తర్వాత తగిలింది. ముందు తెలిసింది చేతికే. ఇక్కడ ఏదో జరగబోతోందనీ, దానికి కారణం నేనేననీ ఆ క్షణంలోనే అనిపించింది.

ఇది జరిగి రెండేళ్ళయింది. ఇవాళ సాయంత్రం ఇడ్లీపిండి రుబ్బుతుంటే మా చిన్నాడు వచ్చి గ్రైండరు మోటారు మీద అరచేయి పెట్టి, "ఒకటి, రెండు, మూడు" అని గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వాడికిప్పుడు ఆరేళ్ళు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో వేరే చెప్పక్కర్లేదు. నేను వాడి మణికట్టు పట్టుకుని ఎంత విసురుగా లాగానంటే వాడు ఏడవడం కూడా మర్చిపోయి నా మొహంలోకి చూశాడు. తర్వాత వాడి వేళ్ళు ఒక్కొక్కటే ముట్టుకుని చూశాను. తలుపు సందులు, సైకిలు చెయిన్లు, టేబులు ఫ్యాను, ఆటో డోరు. రెండేళ్ళుగా పిల్లల కన్నా ముందు నా కళ్ళు వీటి మీదికే పోతాయి. భయమా అంటే భయం కూడా కాదు. తిమ్మిరెక్కిన కాలు మీద నడుస్తున్నట్టు ఉంటుంది. నేల తగులుతున్నట్టు తెలుస్తుంది కానీ తగలదు. ఇప్పుడు పిల్లలిద్దరూ నిద్రపోయారు. ఈ సంగతి ఎక్కడైనా ఒకచోట వరసగా రాసి పెట్టుకుంటే మంచిదనిపించి కూర్చున్నాను.

మా అత్తవారిది రాజమండ్రిలో బేరింగుల కొట్టు. బేరింగులు, బెల్టులు, ఆయిల్ సీళ్ళు, గ్రీజు డబ్బాలు. మావయ్యగారు బేరింగు లోపల చూపుడువేలు పెట్టి ఒకసారి తిప్పి, కళ్ళతో చూడకుండానే నంబరు చెప్పేస్తారు. నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివాను. పెళ్ళిచూపుల్లో ఆ మాట విన్నాక, ఆయన వంట వచ్చా, పాట వచ్చా అని అడగకుండా జేబులోంచి ఒక బేరింగు తీసి నా చేతిలో పెట్టి, "ఇదేంటో చెప్పమ్మా" అన్నారు. చెప్పాను. "దీన్ని దేంట్లో వాడతారు?" అన్నారు. అదీ చెప్పాను. మా అమ్మకి బెంగ, అమ్మాయి జడ కూడా ఎవరూ చూడలేదని. సంబంధం మాత్రం అక్కడికక్కడే కుదిరిపోయింది. కొన్నాళ్ళకి బేరింగుల కంపెనీవాళ్ళు, మీ దగ్గర సరుకు కొనే మిల్లుల్లో పనివాళ్ళకి శిక్షణ ఇప్పించండి అని డీలర్లందరికీ చెప్పారు. మా ఆయనకి నలుగురి ముందు నిలబడితే చెమటలు పడతాయి. అలా ఆ పని నా మీద పడింది. "చెడిపోకుండా వాడుకోవడం నేర్పించేస్తే రేపు మనం కొట్లో ఈగలు తోలుకోవాలి కదమ్మాయ్" అనేవారు మావయ్యగారు. అంటూనే నన్ను బస్సెక్కించి, దిగాక ఫోను చెయ్యమని రెండుసార్లు చెప్పి వెళ్ళేవారు.

నా పాఠం సగానికి పైగా ఒకే విషయం మీద నడిచేది. మన వైపు మిల్లుల్లో బేరింగులు చచ్చేది ఆకలితో కాదు, తిండి ఎక్కువై. చుట్టం ఇంటికొచ్చి విస్తరికి చెయ్యి అడ్డం పెట్టినా, వేళ్ళ సందుల్లోంచి ఇంకో గరిటె వడ్డించే జిల్లా ఇది. గ్రీజు గన్ను చేతికిస్తే ఊరుకుంటారా? మోటారు బేరింగుకి రెండు మూడు పంపులు చాలు. అంతకు మించితే ఆ వేగానికి గ్రీజంతా చిలికినట్టయ్యి వేడెక్కిపోతుంది. మనవాళ్ళు పాతిక కొట్టేవారు. ఆయుధపూజ నాడైతే ఇక చెప్పక్కర్లేదు. పసుపు, కుంకుమ, నిమ్మకాయ, ఆ తర్వాత మిల్లులో ఉన్న ప్రతి బేరింగుకీ గ్రీజు విందు. దసరా వెళ్ళిన వారంలో మా కొట్లో బేరింగుల గిరాకీ చూసి మావయ్యగారు ముసిముసిగా నవ్వుకునేవారు. అందుకని నేను ప్రతిచోటా ఒకే మాటతో మొదలుపెట్టేదాన్ని. "బేరింగులకి మన గోదావరి మర్యాదలు చెయ్యకండి." ఆ మాటకి నవ్వని మిల్లు లేదు.

మండపేట వైపు ఆ మిల్లులో కూడా నవ్వారు. దసరా వెళ్ళి పది రోజులయిందేమో. షెడ్డులో గోనెసంచులు పరిచి పద్దెనిమిది మందిని కూర్చోబెట్టారు. ముందు వరసలో మేస్త్రి గారు. ఆ మిల్లులో యంత్రాలన్నీ ఆయన చేతి మీద నడుస్తాయి. పాతికేళ్ళుగా గ్రీజు పట్టింది ఆయనే. యాభై దాటిన మనిషి, పల్చగా ఉంటారు. తలకి తుండుగుడ్డ, చెవి మీద పెన్సిలు. నేను కూతురి వయసుదాన్నైనా "అమ్మగారూ" అనే పిలిచేవారు. "మరి చాలని ఎలా తెలుస్తుందండీ అమ్మగారూ?" అన్నారు. "బేరింగు చెయ్యి అడ్డం పెట్టదు కదండీ. నేనైతే అంచుల్లోంచి పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొడతానండి. అదే దాని చాలు." వెనక నుంచి ఎవరో అన్నారు, "మేస్త్రీ, మీ ఇంటికి భోజనానికొచ్చినా ఇంతే కదా, అంచుల్లోంచి వచ్చేదాకా పెడతావు." అందరూ పడి పడి నవ్వారు. ఇంకొకడు, "మేడం గారూ, మా ఇంట్లో ఆవిడ మీ పాఠం ఎప్పుడో నేర్చేసుకుందండి, నెయ్యి రెండు చుక్కలే వేస్తుంది" అన్నాడు. నేను కూడా నవ్వాను. పాఠం బాగా నడుస్తోందని సంతోషం. అప్పుడు గోడకి చార్టు అంటించాను. మా కొట్టు పేరుతో, పెద్ద అక్షరాలతో, మిల్లులో ఉన్న బేరింగులన్నిటికీ ఒకే మాట. నెలకి ఒకసారి, మూడు పంపులు.

మేస్త్రి గారు లేచి చార్టు దగ్గరికి వచ్చి వేలు పెట్టి కూడబలుక్కుని చదివారు. "కింద గోతిలోది కూడానా అండీ?" అన్నారు. అప్పుడే టీ వచ్చింది. కుర్రాళ్ళు లేచారు, మిల్లు యజమాని శాలువా పట్టుకుని ఫోటో కోసం నిలబడ్డారు. "అన్నిటికీ అంతేనండి" అన్నాను. ఆయన చార్టు మీంచి వేలు తీసేశారు. "ఆయ్" అన్నారు, సరేనన్నట్టు. అంతే.

గోతిలో బేరింగుకి అది సరిపోదు. అది నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి గ్రీజు ఎక్కువైనా వేడెక్కదు. పైగా చుట్టూ ఊక, దుమ్ము, తడి ధాన్యం. అంచుల దాకా నిండిన గ్రీజే అక్కడ తలుపు. అది బయటికి వస్తుంటేనే దుమ్ము లోపలికి పోకుండా ఉంటుంది. మేస్త్రి గారికి ఈ సంగతి చేతితో తెలుసు. నాకు పుస్తకంలో తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ పనివాళ్ళకి ఒకే మాటైతే గుర్తుంటుందని చార్టులో ఒకే మాట రాశాను. ఆయనేమో, ఇంటికొచ్చిన చదువుకున్న ఆడపిల్లని పద్దెనిమిది మంది ముందు తప్పు అనడం మర్యాద కాదనుకున్నారు. తర్వాత కూడా చార్టు తప్పలేదు. నెలకి మూడే పంపులు కొట్టారు.

మళ్ళీ నేను ఆ మిల్లుకి వెళ్ళింది నెలన్నర తర్వాత, శిక్షణ ఎలా పనిచేస్తోందో చూసి రావడానికి. సార్వా పంట, అంటే తొలకరి వరి, కోతల మీద తుఫాను పడి ఊళ్ళన్నీ తడిసిన ధాన్యంతో నిండిపోయిన రోజులు. మిల్లు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. రైతులు రాశుల్లో చేతులు పెట్టి వేడి చూసుకుంటున్నారు. మేస్త్రి గారు నా వెనకే ఉండి ఒక్కో బేరింగూ చూపించారు. మోటార్లు అన్నీ చల్లగా ఉన్నాయి. "మీరు చెప్పినట్టే చేస్తున్నామండి" అన్నారు, పిల్లాడు హోంవర్కు చూపించినట్టు. చివర్న గోతిలోకి దిగాను. చేయి వెనక్కి లాగేసుకున్నాను.

పైకి వచ్చి యజమానితో చెప్పాను. ఎలా చెప్పానో నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "ఒకసారి ఆపి చూస్తే బాగుంటుందేమోనండి." ఆపండి అనలేదు. ఆయన మంచిమనిషి, గొంతు పెంచి మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఇప్పుడు ఎలివేటరు ఆపితే డ్రైయరు కూడా ఆగిపోయి తెల్లారేసరికి ధాన్యం మొలకెత్తిపోద్దండి మేడం గారూ. అదిగో, వాళ్ళందరూ కూర్చున్నారు కదా. ఈ వాయి అయ్యాక ఆపేద్దాం. ఇంటి నుంచి క్యారేజీ వచ్చింది, ముందు భోంచేయండి. మా ఇంట్లో ఆవిడ మీకోసమని పనసపొట్టు కూర చేయించిందండి." నేను "పర్లేదండి, పర్లేదండి" అన్నాను. ఆ పర్లేదు భోజనానికి అన్నానో, బేరింగుకి అన్నానో నాకిప్పటికీ తెలీదు. మేస్త్రి గారు అక్కడే నిలబడి నా మొహం చూస్తున్నారు. ఆఫీసు గదిలో కూర్చుని నేను అన్నం తిన్నాను. రెండోసారి కూర వేయబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను. అయినా వేశారు.

నేను లోపల తింటుండగా, నా మొహంలో కనిపించినదాన్ని బట్టి, మేస్త్రి గారు గ్రీజు గన్ను పట్టుకుని గోతిలోకి దిగారట. నెలన్నరగా అణిచిపెట్టుకున్న చేయి కదా. బేరింగు కాలుతోందని చేతికి తుండుగుడ్డ చుట్టుకున్నారు. గ్రీజు ఎక్కించే మూతి, నిపులు, అవతలివైపు ఉంది, తిరుగుతున్న షాఫ్టు మీంచి చేయి చాపాలి. తుండుగుడ్డ కొస షాఫ్టుకి చుట్టుకుంది. వేగంగా తిరిగే షాఫ్టు అయితే గుడ్డ చిరిగి విసిరేసేదేమో. ఇది నెమ్మదిగా, వదలకుండా చుట్టుకుంటూ పోయింది. నాకు అరుపు వినపడలేదు. మిల్లు ఆగిపోవడం వినపడింది. అంతసేపూ చెవుల్లో ఉన్న హోరు ఒక్కసారి పోయేసరికి, ఆఫీసు గదిలో గోడగడియారం చప్పుడు, బయట ట్రాక్టరు మీద కాకి అరుపు వినపడ్డాయి. నేను లేచి, ముందు చేయి కడుక్కున్నాను. ఎందుకు కడుక్కున్నానో తెలీదు. సబ్బుతో కడుక్కున్నాను.

ఆయన్ని రాజమండ్రి ఆసుపత్రి దాకా యజమాని కారులోనే తీసుకొచ్చాం. ముందు సీట్లో నా ఒళ్ళో నీళ్ళ సీసా. వెనక సీట్లోంచి మేస్త్రి గారు ఒకటే మాట, "ధాన్యం ఏమైందండీ? వాయి మధ్యలో ఆగిపోయింది." సాయంత్రానికి డాక్టరు గారు బయటికొచ్చి, కుడిచేతి రెండు వేళ్ళు ఉంచలేకపోయామని చెప్పారు. అప్పటికి మేస్త్రి గారి భార్య వచ్చేసింది. యజమాని ఆసుపత్రి వరండాలో ఎవరితోనో ఫోనులో అంటున్నారు, "నడుస్తుండగా చేయి పెట్టేశాడండి. పాతికేళ్ళ అనుభవం ఉండి ఏం లాభం, చేజేతులా చేసుకున్నాడు." కోపంగా కాదు, నిజంగా బాధపడుతూ అంటున్నారు. ఆవిడ అదంతా వింది. నా పక్కకొచ్చి కూర్చుంది. "అమ్మా, మీరు చదువుకున్నవారు. పాతికేళ్ళలో ఆయన ఒక్క మాట పడలేదండి. ఇప్పుడు అందరూ ఇలా అంటున్నారు. ఆయన తప్పేనా అండి?" అని అడిగింది. నేను, "ముందు ఆయన కోలుకోనివ్వండి, తర్వాత మాట్లాడదాం" అన్నాను. ఆవిడ తల ఊపి, నేను పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నానా అని అడిగింది.

ఇంటికొచ్చాక మావయ్యగారికి అంతా చెప్పాను, చార్టు సంగతితో సహా.  "గోతిలోదానికి మూడు రాశావా?" అన్నారు ఆయన. రాశానన్నాను. "నిన్నెవరూ ఏమీ అనలేదు కదమ్మా. నువ్వు కూడా అనుకోకు. కొట్టు పేరు ఉంది దాని మీద." మా ఆయన అవునన్నట్టు తలూపారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. నన్ను కాపాడుకోవాలనే అన్నారు. నేను నోరు మూసుకుంటే చాలు, తప్పు ఆ గోతిలోనే ఉండిపోతుంది, మేస్త్రి గారి పేరుతో. ఆయన కూడా ఎప్పటికీ చెప్పరు. ఆ సంగతి అందరికంటే నాకు బాగా తెలుసు. ఏడుపు రాలేదు. వస్తే బాగుండునని బాత్రూములో నిలబడి చూశాను.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, దాచడానికేమీ లేదు. మర్నాడు నేను వెళ్ళి ముందు ఆసుపత్రిలో ఆవిడకి చెప్పాను, తర్వాత మిల్లులో అందరినీ పిలిచి చార్టు చింపి చెప్పాను. యజమాని, "మీరెందుకండీ మీద వేసుకుంటారు" అన్నారు. మాట చాలా మర్యాదగానే అన్నారు, కానీ మేస్త్రి గారిని చేజేతులా చేసుకున్నాడని మళ్ళీ అనలేదు. ఆయన తిరిగి పనిలోకి వచ్చాక గ్రీజు పని ఆయన చెప్పినట్టే జరగాలని కూడా అన్నారు. మా కొట్టుకి ఆ మిల్లు బేరం పోయింది. మావయ్యగారు దాని ఊసు ఎప్పుడూ ఎత్తలేదు. మేస్త్రి గారే నా మీద కోప్పడ్డారు. ఆయన నన్ను కోప్పడటం అదొక్కసారే. "నాకు తెలిసీ నోరు విప్పలేదని పది మందికీ తెలిసిపోయింది కదండీ" అన్నారు.  ఇప్పుడు ఏ మిల్లుకి వెళ్ళినా నేను చార్టు ముందు తీయను. అక్కడ అందరికంటే పాత మనిషి ఎవరో కనుక్కుని, వాళ్ళ పక్కన కూర్చుని, "మీ మిల్లులో మాట వినని బేరింగు ఏదండీ?" అని అడుగుతాను. మొదట ఎవరూ చెప్పరు. టీ తాగాక, రెండోసారి అడిగితే చెబుతారు.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ మర్నాడు పొద్దున్నకి నేనింకా ఏ నిర్ణయానికీ రాలేదు. పిల్లలిద్దరినీ స్కూలుకి తయారుచేస్తున్నాను. పెద్దదానికి అప్పుడు ఏడేళ్ళు. రెండు జడలు వేస్తుంటే అద్దంలోంచి నన్నే చూస్తూ, "అమ్మా, రాత్రి నువ్వు అన్నం ఎందుకు తినలేదు?" అంది. అబద్ధం సిద్ధంగానే ఉంది, తలనొప్పి అని. దాని జడ చివర రిబ్బను ముడేస్తూ ఉంటే నోట్లోంచి వేరే మాట వచ్చింది. మిల్లులో మేస్త్రి తాతగారని ఉన్నారు, నిన్న ఆయన రెండు వేళ్ళు పోయాయి అని చెప్పాను. "ఎవరు చేశారు?" అంది. "అమ్మ ఒక కాగితం మీద తప్పు రాసింది. అది తప్పని తాతగారికి తెలుసు. ఒకసారి అడిగారు కూడా. అమ్మ సరిగ్గా వినలేదు." చిన్నాడు ఇడ్లీ నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. మావయ్యగారు హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్నారు. పేజీ తిప్పిన చప్పుడు లేదు.

పెద్దది అద్దం వైపు నుంచి నా వైపు తిరిగింది. దానికి అప్పుడే ముందు పళ్ళు రెండు ఊడాయి, ఆ సందులో నాలుక పెట్టుకోవడం అలవాటు. "నా పళ్ళలాగా ఆయన వేళ్ళు మళ్ళీ వస్తాయా?" అంది.

"రావమ్మా" అన్నాను. "పళ్ళకి రెండోసారి ఉంటుంది. వేళ్ళకి ఉండదు. నిన్నటి మధ్యాహ్నానికి కూడా ఉండదు. ఇవాళ పొద్దున్న ఇంకా అయిపోలేదు కదా, అందుకని నేనిప్పుడే వెళ్ళి ఆ తప్పు నాదని చెప్పేసి వస్తాను. నువ్వు తమ్ముడికి బూట్లు తొడుగు."